సహనం ఎవరి వంతు?

ఈమధ్య మన రచయితల సమావేశాల్లో, సభలో కన్నా సభ ముగిశాక టీ తాగుతూ నిలబడ్డ చోట, ఒక చర్చ తరచుగా సాగుతోంది. సామాజిక మాధ్యమాల్లో కులోన్మాదాన్నీ మతోన్మాదాన్నీ వెళ్లగక్కేవాళ్లతో రచయితలు ఎలా వ్యవహరించాలన్నది చర్చ. భిన్నాభిప్రాయాన్ని సహించడం ప్రజాస్వామిక లక్షణమని ఒకరంటారు. పాముకు పాలుపోసే సహనం మనకక్కర్లేదు, నోరు మూయించాలని మరొకరంటారు. వాళ్లతో తలపడడం వృథా ప్రయాస, మన జాబితాలోంచి తీసేసి మన రాతలు మనం రాసుకుందామని మూడో మిత్రుడు తేల్చేస్తాడు. ముగ్గురి మాటలోనూ కొంత నిజం లేకపోలేదు. అయితే ముగ్గురూ ఒక విషయాన్ని ముందే ఒప్పేసుకొని మాట్లాడుతున్నారని నాకు అనిపిస్తుంది. ఉన్మాదం ఎప్పుడూ బూతుతోనో బెదిరింపుతోనో వస్తుందనీ, కంటపడగానే దాన్ని గుర్తుపట్టగలమనీ వాళ్ల నమ్మకం. తెలుగులో అది అలా మాత్రమే రావడం లేదు. కన్నీళ్లు పెట్టుకుని కూడా వస్తోంది. ఒక్క బూతుమాట లేకుండా, మనసు కరిగే తెలుగులో, మన కథల్లోంచీ సినిమాల్లోంచీ తెచ్చుకున్న వాక్యాలతో వస్తోంది. సాహిత్య విమర్శకు నిజంగా పని పడేది అక్కడే. మన చర్చ ఆ దరిదాపులకు కూడా పోవడం లేదు.

ముందు ‘సహనం’ అన్న మాట సంగతి చూద్దాం. ఈ మాటను మన ఇళ్లలో ఎవరితో అంటారో గమనించండి. కొత్త కోడలితో అంటారు, అత్తగారితో అనరు. పాలేరుకు ఓర్పు ఉండాలంటారు, ఆసామికి ఉండాలనరు. భూదేవి అంత సహనం అనే పోలిక స్త్రీకే తప్ప ఏ మగవాడికీ వాడినట్టు నేను వినలేదు. యూరప్‌లో ఈ భావన మతయుద్ధాల తర్వాత, రాజ్యమూ చర్చీ భిన్నమతస్తుల జోలికి పోకుండా ఊరుకోవాలనే వాదంగా బలపడింది. జాన్ లాక్ లేఖ 1689 నాటిది. అక్కడ సహనం అధికారంలో ఉన్నవాడిని అడిగిన సహనం. ఆ మాటను మనం తెచ్చుకొని తెలుగులో పెట్టేసరికి అది కిందివాడి ఓర్పుగా మారిపోయింది. కనుకనే సామాజిక మాధ్యమాల్లో ‘కాస్త సహనం పాటించండి’ అన్న సలహా దాదాపు ఎప్పుడూ తిట్టినవాడికి కాకుండా తిట్టించుకున్న దళిత రచయితకో, ముస్లిం కవికో, స్త్రీకో అందుతుంది.

ఇందుకు తోడు 2015 చర్చ ఒకటి ఉంది. ఆ ఏడాది ఫిబ్రవరిలో గోవింద్ పన్సారే, ఆగస్టు 30న ధార్వాడలో తన ఇంటి దగ్గరే ఎం.ఎం. కల్బుర్గి తుపాకి గుళ్లకు బలయ్యారు. అంతకు రెండేళ్ల ముందు, 2013 ఆగస్టు 20న, పుణెలో నరేంద్ర దభోల్కర్‌ను అలాగే చంపారు. దేశంలో పలు భాషల రచయితలు అకాడమీ పురస్కారాలు వాపసు చేశారు. పత్రికలు దీనికంతటికీ ‘అసహనంపై చర్చ’ అని పేరుపెట్టాయి, మనమూ ఆ పేరుతోనే సభలు పెట్టాం. ముందుగా అనుకొని, మనిషిని వెతుక్కుంటూ వచ్చి కాల్చిపోవడం ఓర్పు నశించడమా? అసహనం అంటే బస్సు ఆలస్యమైతే కలిగేది. హంతకుడి పన్నాగాన్ని మానవసహజమైన ఒక బలహీనత స్థాయికి దించే పదాన్ని మనం నోరారా వాడాం. పదాల దగ్గర జాగ్రత్తగా ఉండాల్సినవాళ్లం రచయితలమే కదా.

ఇక అసలు ఉదాహరణకు వస్తాను. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ఒక దళిత యువకుడిని, గర్భవతి అయిన భార్యతో ఆస్పత్రి నుంచి బయటికి వస్తుండగా, పట్టపగలు నరికి చంపారు. ఆమె వేరే కులం అమ్మాయి. చంపించింది ఆమె తండ్రేననీ, కోటి రూపాయలకు బేరం కుదిరిందనీ పోలీసులు ప్రకటించారు. ఆ తండ్రి 2020 మార్చిలో, విచారణ నడుస్తుండగానే ఆత్మహత్య చేసుకున్నాడు. 2025 మార్చి 10న నల్లగొండ న్యాయస్థానం ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి జీవితఖైదు విధించింది. ఇవి అందరికీ తెలిసిన సంగతులు. నేను మాట్లాడదలచుకున్నది ఆ హత్య జరిగిన వారంలోనే తెలుగు ఫేస్‌బుక్‌లోనూ వాట్సాప్‌లోనూ పొంగిపొర్లిన రాతల గురించి. వాటిలో నేరుగా కులం పేరుపెట్టి తిట్టినవి ఉన్నాయి. వాటి గురించి చెప్పేందుకు పెద్దగా ఏమీ లేదు, అవి చట్టం చూసుకోవాల్సినవి. నన్ను కలవరపెట్టినవి రెండో రకం. ఆ రాతల్లో తండ్రి ఉంటాడు, చిన్నప్పుడు కూతురి వేలు పట్టుకొని నడిపించి ఉంటాడు. గుండెల మీద ఆడించుకొని ఉంటాడు. అడిగినవన్నీ కొనిచ్చి ఉంటాడు. ఆ తర్వాత కూతురు ‘మోసం’ చేస్తుంది. తండ్రి గుండె పగులుతుంది. అంతటితో కథ ముగుస్తుంది. చనిపోయిన కుర్రవాడు ఆ కథలో ఎక్కడా ఉండడు. అతనికీ ఒక తండ్రి ఉన్నాడనీ, ఆయన వేలు పట్టుకొని కూడా ఒక పిల్లవాడు నడిచాడనీ ఆ కథకుడికి తట్టదు.

ఈ రాతలు రాసినవాళ్లంతా ఉన్మాదులా? నేను అలా అనుకోవడం లేదు. చాలామంది ఆడపిల్లలున్న తండ్రులు, ఉద్యోగస్తులు, కొందరు తెలుగు పంతుళ్లు కూడా. తాము సమర్థిస్తున్నది హత్యనని అంటే వాళ్లు నొచ్చుకుంటారు. ‘హత్య తప్పే’ అని వాళ్లలో చాలామంది రాశారు కూడా. కానీ ఆ వాక్యం అక్కడితో ఆగదు. ‘హత్య తప్పే, కానీ’ అని సాగుతుంది. ఆ ‘కానీ’ తర్వాత వచ్చేదే అసలు రచన. ముందున్నది రచయిత తన పెద్దమనిషి తరహాకు కట్టిన సుంకం. వ్యాకరణం దృష్టితో చూస్తే ఇక్కడ హత్య ఒక ఉపవాక్యం, తండ్రి బాధ ప్రధానవాక్యం.

పత్రికల భాషది మరో చిత్రం. ‘పరువు హత్య’ అన్న మాటను అవి స్థిరపరిచాయి. దొంగతనం చేసినవాడి కారణాన్ని బట్టి మనం ‘ఆకలి దొంగతనం’ అని పేరు పెట్టం. భూమి కోసం చంపినవాడిది ‘ఆస్తి ప్రేమ హత్య’ అని రాయం. ఈ ఒక్క నేరానికే నేరస్తుడు చెప్పుకున్న సాకును, అది కూడా అందమైన సాకును, పేరుగా ఇచ్చాం. కుల దురహంకార హత్య అనాలని దళిత సంఘాలు, హక్కుల సంఘాలు పదేపదే చెబుతున్నా, మాట పొడవైందనో ఏమో, శీర్షికల్లోకి ఎక్కడం లేదు. రాంగోపాల్ వర్మ ఈ ఉదంతం మీద తీసిన ‘మర్డర్’ సినిమా తొలి ప్రచారచిత్రాన్ని 2020లో సరిగ్గా పితృదినోత్సవం నాడు విడుదల చేశాడు. వ్యాపారి ఆయన, ఈ కథను ఏ కోణంలోంచి అమ్మితే అమ్ముడుపోతుందో మనకన్నా ముందే పసిగట్టాడు.

కథ ఎవరి కళ్లతో చెబుతున్నాం అన్నది సాహిత్య విమర్శలో ప్రాథమిక ప్రశ్న. మొదటి సంవత్సరం విద్యార్థికి కూడా తెలిసిన ప్రశ్న. దాన్ని మనం కథానికల మీద ప్రయోగిస్తాం గానీ, లక్షలమంది చదివే ఈ రాతల మీద ప్రయోగించం. ఇవి సాహిత్యం కావని మన అభిప్రాయం కాబోలు. కానీ ఇవి సాహిత్యం నుంచి పుట్టినవే. కూతురి పెళ్లి చుట్టూ తండ్రి గుండెను తిప్పే మన కుటుంబ కథలు, అప్పగింతల పాటలు, పెంపకానికి రుణం తీర్చుకోమని అడిగే సినిమా సంభాషణలు: ఇవన్నీ కలిసి ఆ వాక్యాలను సిద్ధంగా ఉంచాయి. సందర్భం వచ్చేసరికి జనం తీసి వాడుకున్నారు.

మన భాషలోనే ఇందుకు విరుగుడు ఉంది. కన్యాశుల్కం మొదటి కూర్పు 1897లో, పెంచి తిరగరాసిన రెండో కూర్పు 1909లో వెలువడ్డాయి. అగ్నిహోత్రావధానులును గురజాడ రాక్షసుడిగా చేయలేదు. ముక్కుమీద కోపం, వ్యాజ్యాల పిచ్చి, కొడుకు ఇంగ్లీషు చదువు మీద ఆశ ఉన్న మామూలు సంసారి. పెద్దకూతురు బాలవితంతువై ఇంట్లో కనబడుతుండగానే చిన్నకూతుర్ని ముసలి లుబ్ధావధానులుకు అమ్మేందుకు సిద్ధపడతాడు. నాటకకర్త అతన్ని ఎక్కడా తిట్టడు. నోటినిండా మాట్లాడనిస్తాడు. మాట్లాడేకొద్దీ తండ్రి అధికారమూ రూపాయల లెక్కా ఒకదానిలోంచి ఒకటి బయటపడతాయి. ప్రేక్షకుడు నవ్వుతాడు, నవ్విన తర్వాత ఆ తండ్రిని పాత గౌరవంతో చూడలేడు. ‘పూర్ణమ్మ’లో గురజాడ ఇంకో దారి పట్టాడు. తండ్రి డబ్బుకు లొంగిన సంగతిని క్లుప్తంగా చెప్పి వదిలేసి, కవిత మొత్తం ఆ పిల్ల వెంట నడుస్తుంది. ఆమె అలంకరించుకోవడం, అందరి దగ్గరా సెలవు తీసుకోవడం, కోనేటి దగ్గరికి పోవడం చూస్తాం. తండ్రి శోకానికి అక్కడ చోటు లేదు. చోటు ఇవ్వకపోవడం కవి చేసిన ఎంపిక. మిర్యాలగూడ మీద ఫేస్‌బుక్‌లో వచ్చిన కవితలు నేను చాలా చదివాను. నూటికి ఎనభై హంతకుడిని సంబోధిస్తూ రాసినవే. ఓరీ కులగజ్జిగాడా అని మొదలై, నీ అంతు చూస్తాం అని ముగుస్తాయి. ఆగ్రహం న్యాయమైనదే. కానీ ఆ కవితల్లోనూ చచ్చిపోయిన కుర్రవాడు కనబడడు. అక్కడ కూడా కథానాయకుడు ఆ తండ్రే, వేషం మాత్రం ప్రతినాయకుడిది.

ఆగ్రహం గురించి మరో మాట చెప్పాలి. ఈ మాధ్యమాలు గోడల్లాంటివి, ఎవరైనా రాసుకోవచ్చు అనే అమాయకపు నమ్మకం మనలో ఇంకా పోలేదు. గోడ దేన్ని ముందు చూపాలో నిర్ణయించదు. ఫేస్‌బుక్ నిర్ణయిస్తుంది. 2017 నుంచి ఆ సంస్థ తన లెక్కల్లో కోపం, నవ్వు, దుఃఖం వంటి బొమ్మల గుర్తులకు మామూలు లైకు కన్నా అయిదు రెట్ల విలువ కట్టిందనీ, కోపం గుర్తు తెచ్చుకున్న పోస్టుల్లో అబద్ధాలూ విద్వేషమూ ఎక్కువని సొంత పరిశోధకులు హెచ్చరించారనీ, చివరికి 2020లో కోపం విలువను సున్నాకు దించారనీ 2021లో ఫ్రాన్సిస్ హాగెన్ బయటపెట్టిన పత్రాల వల్ల లోకానికి తెలిసింది. అంటే కొన్నేళ్లపాటు మన కోపం వాళ్లకు మామూలు లైకు కన్నా ఎక్కువ ధర పలికిన సరుకు. ఒక విద్వేషపు రాతను పదిమందికీ చూపించి తిట్టిపోసినప్పుడు, ఆ రాత రాసినవాడు కలలో కూడా ఊహించని ఊళ్లకు దాన్ని మోసుకెళ్లింది మనమే. మయన్మార్‌లో ఇదే యంత్రం ఎంత దూరం పోయిందో చూశాం. రోహింగ్యాలపై విద్వేషాన్ని వ్యాపింపజేయడంలో ఫేస్‌బుక్‌కు పెద్ద పాత్ర ఉందని ఐక్యరాజ్యసమితి నిజనిర్ధారణ బృందం 2018లో చెప్పింది. తాము చేయాల్సినంత చేయలేదని ఆ సంస్థే అదే ఏడాది ఒప్పుకుంది. కనుక జవాబు చెప్పేవాళ్లు ఆ రాతను పంచిపెట్టకుండా, దానిలోని వాదాన్ని తమ మాటల్లో చెప్పి జవాబివ్వాలి. ఇది పిరికితనం కాదు, సరుకు వాడి కొట్టుకు చేరకుండా చూడడం.

ఈ సందర్భంలో మన మిత్రులు కార్ల్ పాపర్‌ను తరచుగా పట్టుకొస్తున్నారు. అసహనాన్ని సహిస్తే సహనమే నశిస్తుంది అన్న ఆయన భావం బొమ్మల రూపంలో చేతులు మారుతోంది. మార్క్సును ఖండించేందుకు సగం సంపుటం వెచ్చించిన పాపర్ మన శిబిరంలో ఇంత పూజనీయుడు కావడం వింతే. అది పక్కన పెడదాం. 1945 నాటి ఆ పుస్తకంలో ఈ మాట మూలపాఠంలో కాదు, ఏడో అధ్యాయానికి రాసిన ఒక గమనికలో ఉంది. అక్కడ ఆయన చెప్పింది ఆ బొమ్మ చెప్పేదానికన్నా చాలా జాగ్రత్తయిన మాట. వాదనతో ఎదుర్కోగలిగినంత కాలం, ప్రజాభిప్రాయం అదుపులో ఉంచగలిగినంత కాలం అసహన భావాలను అణచడం తెలివితక్కువ. వాదనకు పిడికిళ్లతో, పిస్తోళ్లతో జవాబు చెప్పమని అనుచరులకు నేర్పేవారి విషయంలో మాత్రం అణచే హక్కును అట్టిపెట్టుకోవాలి. దీని ప్రకారం కల్బుర్గి హంతకులు ఒక వర్గం, ‘హత్య తప్పే, కానీ’ అని రాసిన పంతులుగారు మరో వర్గం. ఇద్దరినీ ఒకే గాటన కట్టడం పాపర్ చెప్పలేదు. హెర్బర్ట్ మార్క్యూజ్ 1965లో రాసిన వ్యాసం మనకు మరింత దగ్గరిది. బలవంతుడికీ బలహీనుడికీ సమానంగా చూపే సహనం బలవంతుడి పక్షమేనని ఆయన నిక్కచ్చిగా చెప్పాడు. అంతవరకు ఆయనతో నాకు పేచీ లేదు. అయితే ప్రగతినిరోధక శక్తులకు మాట్లాడే వీలు తీసేయాలని ముందుకు పోయినప్పుడు, తీసేసే అధికారం ఎవరి చేతిలో ఉంటుందన్న ప్రశ్నకు ఆయన దగ్గర గట్టి జవాబు లేదు.

మన దేశంలో ఆ జవాబు మనకు తెలుసు. పోలీసు స్టేషన్ చేతిలో ఉంటుంది. 2012 నవంబరులో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో బంద్ గురించి ఫేస్‌బుక్‌లో నాలుగు ముక్కలు రాసిన అమ్మాయినీ, దానికి లైకు కొట్టిన అమ్మాయినీ అరెస్టు చేశారు. అందుకు వాడిన 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. అంతకన్నా పాత పాఠం మన సాహిత్యంలోనే ఉంది. ముద్దుపళని ‘రాధికా సాంత్వనం’ అశ్లీలమని తీర్పు చెప్పింది సాక్షాత్తు వీరేశలింగం. వితంతు వివాహాల కోసం వెలివేతను ఎదుర్కొన్న మనిషి, పండితుల బూతులకు వ్యంగ్యంతో జవాబు చెప్పిన మనిషి, ఒక వేశ్య శృంగారం రాస్తే మాత్రం ఓర్చుకోలేకపోయాడు. బెంగుళూరు నాగరత్నమ్మ ఆయన మాటను ముందుపెట్టుకొని, పురుష కవులకు లేని నిషేధం ముద్దుపళనికెందుకని ప్రశ్నిస్తూ 1910లో పుస్తకాన్ని పరిష్కరించి వేయించింది. బ్రిటిషు ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. ఆ నిషేధం ప్రకాశం పంతులు ప్రభుత్వం ఎత్తివేసేదాకా కొనసాగింది. సంస్కర్త అభిప్రాయానికి సర్కారు లాఠీ తోడైతే దెబ్బ ఎవరికి తగులుతుందో ఇంతకన్నా స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు. ప్రాణభయం కలిగించే బెదిరింపులకు, కులం పేరుతో చేసే అవమానాలకు చట్టం ఉంది, దాన్ని వాడాల్సిందే. ఆ గడప దాటి అభిప్రాయాల మీదికి పోలీసును పిలవడం మన మీదికి మనం పిలుచుకోవడమే.

మరి ఎదుర్కోవడం ఎలా? అంబేద్కర్ చేసినట్టు అంటాను. లాహోర్‌కు చెందిన జాత్‌పాత్ తోడక్ మండల్ ఆయనను 1936లో అధ్యక్షోపన్యాసానికి పిలిచింది. ప్రసంగపాఠం చూసి జంకింది, సభనే రద్దు చేసింది. అంబేద్కర్ ఆ ఉపన్యాసాన్ని సొంత ఖర్చుతో 1,500 ప్రతులు అచ్చువేశాడు, మండలితో జరిగిన ఉత్తర ప్రత్యుత్తరాలను ముందు చేర్చి మరీ. గాంధీ ‘హరిజన్’లో విమర్శ రాశాడు. 1937లో రెండో ముద్రణ వేసినప్పుడు అంబేద్కర్ ఆ విమర్శను యథాతథంగా తన పుస్తకంలోనే అచ్చువేసి, పక్కనే తన జవాబు పెట్టాడు. పుస్తకం ధర ఎనిమిదణాలు ఎక్కువన్న గాంధీ ఫిర్యాదు కూడా అందులో భద్రంగా ఉంది. ప్రత్యర్థి మాటను కత్తిరించకపోవడం ఇక్కడ ఔదార్యం కాదు. రెండూ పక్కపక్కన చదివే పాఠకుడి మీద నమ్మకం. జవాబు గాంధీ పేరున ఉన్నా అది చేరాల్సింది ఆ పాఠకుడికి.

పైన నేను చెప్పిందానికి ఇది విరుద్ధం కదా అని ఎవరైనా అడగవచ్చు, విద్వేషపు రాతను పంచవద్దని కదా అన్నావు అని. పుస్తకం వేరు, ఫేస్‌బుక్ వేరు. పుస్తకంలో గాంధీ వ్యాసం అంబేద్కర్ జవాబును వదిలిపెట్టి ఒంటరిగా నడిచిపోలేదు. ఫేస్‌బుక్‌లో మూలరాత జవాబును వదిలేసి తన దారిన తాను ఊరేగుతుంది. అందుకే ఈ పని చేయాల్సిన చోటు పత్రిక, పుస్తకం, తరగతి గది అని నా అభిప్రాయం. పోస్టు కింద కామెంటులో కాదు.

మన పక్షపు భాష గురించి కూడా ఒక చేదు నిజం చెప్పుకోవాలి. ఉన్మాదిని తిట్టేటప్పుడు మన అభ్యుదయ కవులు ఎక్కుపెట్టే తిట్లలో సగం వాడి తల్లి మీదికో, ఏదో ఒక కిందికులపు వృత్తి మీదికో, అంగవైకల్యం మీదికో పోతున్నాయి. ఆ తిట్ల మూట మనకు ఎవరు కట్టిచ్చారో వేరే చెప్పాలా? స్త్రీవాద కవిత్వాన్ని నీలి కవిత్వమని వెక్కిరించిన రోజుల్లో ఆ కవయిత్రులు తిట్టుకు తిట్టు వెతుక్కోలేదు. 1993లో వచ్చిన సంకలనానికి ‘నీలి మేఘాలు’ అని పేరు పెట్టారు. వెక్కిరించినవాళ్ల మాటలు ఇవాళ ఎవరికీ గుర్తులేవు, ఆ పుస్తకం తరగతి గదుల్లో ఉంది.

విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల్లో పరిశోధనాంశం దొరక్క తిరుగుతున్న విద్యార్థులకు నాదొక సూచన. 2018 సెప్టెంబరులో హత్య జరిగినప్పుడు, 2020 మార్చిలో ఆ తండ్రి చనిపోయినప్పుడు, 2025 మార్చిలో తీర్పు వచ్చినప్పుడు ఒకే కథ మీద తెలుగువాళ్లు మూడుసార్లు కుప్పలుతెప్పలుగా రాశారు. ఆ రాతలను రాసినవాళ్లు ఎప్పుడైనా తీసేయగలరు, ఆ సంస్థ కూడా తీసేయగలదు. ఈలోగా వాటిని సేకరించి, రాసినవాళ్ల పేర్లూ ఆ అమ్మాయి పేరూ తొలగించి, వాక్యాలను మాత్రమే ముందుపెట్టుకొని చూడండి. ‘తండ్రి’ అన్న మాట ఎన్నిసార్లు వచ్చింది, అందులో చనిపోయిన కుర్రవాడి తండ్రిని ఉద్దేశించినవి ఎన్ని, ‘హత్య తప్పే’ అన్నది వాక్యంలో ‘కానీ’కి ముందు వచ్చిందా, వెనక వచ్చిందా, ఈ ఏడేళ్లలో ఆ స్థానం ఏమైనా మారిందా అని లెక్కపెట్టడంతో మొదలుపెట్టవచ్చు.